కోర్టు పక్క కుర్చీకి గౌరవం తెచ్చిన గోపీచంద్

మార్చి నెలలో చీరాల నుంచి ఇంకొల్లు దారి పడితే రెండు వైపులా నల్లరేగడి చేలే. ఒకచోట మిరప కల్లాలు ఎర్రగా ఆరబోసి ఉంటాయి. ఇంకోచోట పత్తి ఆఖరి తీతలు సాగుతుంటాయి. ఆ చేల మధ్య ఉన్న ఊరే నాగండ్ల. పుల్లెల గోపీచంద్ 1973 నవంబరు 16న పుట్టింది అక్కడే. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా పేరు ఏదైనా ఆయన మా వాడే అని చీరాల, పర్చూరు, ఇంకొల్లు వాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. ఆయన బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచింది 2001 మార్చి 11న, ఆదివారం నాడు. ఈ మార్చితో దానికి పాతికేళ్లు నిండాయి. రజతోత్సవ వేళ సొంత ప్రాంతం తరఫున ఆయనకు మనసారా అభినందనలు.

ఆ కప్పు గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. నేను ముఖ్యంగా అభినందించదలచుకున్నది కప్పు గెలిచిన తర్వాతి గోపీచంద్‌ను. ఆటగాడిగా ఆయనకు దక్కింది ఒక్క ఆల్ ఇంగ్లండ్. శిక్షకుడిగా ఆయన దేశానికి ఇచ్చింది ఒక తరాన్ని. మన దేశంలో ఆట మానేసినవాడికి కోచింగ్ అంటే ఏదో ఒక ఉపాధి అనుకునే రోజుల్లో, ఛాంపియన్ కూడా తలెత్తుకుని చేయదగిన పని అదేనని చూపించిన మనిషి ఆయన.

అలాగని ఆ వారం రోజుల ఆటను దాటేసి ముందుకు పోలేం. ఆల్ ఇంగ్లండ్ 1899లో మొదలైన పోటీ. 1977లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ వచ్చేదాకా బ్యాడ్మింటన్‌లో జగజ్జేత ఎవరంటే ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాళ్ల పేరే చెప్పేవారు. మనవాళ్లలో అంతకుముందు దాన్ని గెలిచింది ప్రకాశ్ పదుకోనె ఒక్కరే, 1980లో. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత బరిలోకి దిగిన గోపీచంద్‌కు దక్కింది పదో సీడు. సిడ్నీ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి ఇంకా ఏడాది కూడా తిరగని చైనా ఆటగాడు జీ జిన్‌పెంగ్‌ను దారిలోనే ఇంటికి పంపాడు. క్వార్టర్స్‌లో డెన్మార్క్ ఆటగాడు ఆండర్స్ బోసెన్‌ను దాటాడు. సెమీస్‌లో ఎదురైంది అప్పటి ప్రపంచ నంబర్ వన్ పీటర్ గేడ్.

అప్పట్లో లెక్క వేరు. ఇప్పటిలా ప్రతి ర్యాలీకీ పాయింటు వచ్చేది కాదు. సర్వీసు చేసినవాడు గెలిస్తేనే పాయింటు, ఎదుటివాడు గెలిస్తే సర్వీసు మాత్రమే చేతులు మారేది. గేముకు పదిహేను పాయింట్లు. కొన్నిసార్లు ఎంతసేపు కొట్టుకున్నా స్కోరు బోర్డు కదిలేది కాదు. అలాంటి ఆటలో గేడ్‌తో రెండు గేములూ పద్నాలుగు సమానం దాకా వెళ్లాయి, రెండూ గోపీచంద్ వైపే ముగిశాయి: 17-14, 17-15. ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. మోకాలికి ఆపరేషన్లు అయిన మనిషి నెట్ దగ్గర మునివేళ్ల మీద ఆడుతూ, అవసరమైతే నేల మీదికి దూకి షటిల్ లేపుతూ గెలిచిన ఫైనల్ అది.

ఆ మోకాలి కథ తెలియకపోతే ఈ గెలుపు బరువు తెలియదు. నాన్నగారిది బ్యాంకు ఉద్యోగం. కుటుంబం హైదరాబాద్ చేరింది. పిల్లవాడికి మొదట క్రికెట్ పిచ్చి. అన్నయ్య చొరవతో బ్యాడ్మింటన్ రాకెట్ పట్టాడు. ఎల్బీ స్టేడియంలో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర పునాది పడింది. కాలేజీ చదువు ఏవీ కాలేజీలో. 1990, 1991 సంవత్సరాల్లో దేశంలోని విశ్వవిద్యాలయాల ఉమ్మడి జట్టుకు కెప్టెన్ అయ్యాడు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. ఆ రోజుల్లో మన దేశంలో ఆటగాడికి ఆ దెబ్బ తగిలిందంటే ఇక ఉద్యోగం చూసుకోమని చెప్పేవారు. ఆపరేషన్లు, నెలల తరబడి మంచం, మళ్లీ మొదటి నుంచి నడక. తర్వాత బెంగళూరులో గంగూలీ ప్రసాద్, ప్రకాశ్ పదుకోనెల దగ్గర సాధన. 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2000 దాకా వరసగా అయిదేళ్లు ఆ టైటిల్ ఎవరికీ వదల్లేదు. దెబ్బ తగిలిన రోజు నుంచి ఆల్ ఇంగ్లండ్ దాకా ఏడేళ్లు పట్టింది.

ఆరిఫ్, గంగూలీ ప్రసాద్, పదుకోనె అని మూడు పేర్లు చెప్పాను కదా. గోపీచంద్ తాను ఎవరి చేతుల్లో తయారయ్యాడో ఎన్నడూ మరచిపోలేదు. తర్వాత ఆయన చేసిన పనికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. ఆరిఫ్ సార్‌కు ద్రోణాచార్య అవార్డు 2000లో వచ్చింది, ఆయన శిష్యుడికి అదే అవార్డు 2009లో. గురువు, శిష్యుడు ఇద్దరూ ద్రోణాచార్యులే అయిన ఇల్లు హైదరాబాద్ బ్యాడ్మింటన్.

కప్పు గెలిచాక దేశం సహజంగానే చుట్టుముట్టింది. ఖేల్‌రత్న వచ్చింది. శీతల పానీయాల కంపెనీ ప్రకటనకు పిలిచింది. నేను తాగనిది పిల్లలకు తాగమని చెప్పలేను అని ఆయన వద్దన్నాడు. అప్పటికి ఆయన ధనవంతుడేమీ కాదు. చేతికందిన డబ్బును వదులుకున్నాడని జనం ఆశ్చర్యపోయారు. కొన్నాళ్లకు అదే మనిషి తన ఇల్లు తాకట్టు పెట్టాడు.

అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాల స్థలం లీజుకిచ్చింది. స్థలం మీద అకాడమీ లేవాలంటే కోట్లు కావాలి. ఒక సంస్థ కార్యాలయం ముందు మూడు రోజులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నానని, చివరికి ఒక పెద్ద అధికారి వచ్చి బ్యాడ్మింటన్‌ను చూసేవాళ్లెవరున్నారు అన్నాడని ఆయనే తర్వాత చెప్పుకొన్నారు. ఆల్ ఇంగ్లండ్ విజేతకు ఎదురైన మాట అది. ఇంటికి వచ్చి, భార్య పి.వి.వి. లక్ష్మి, తల్లిదండ్రులతో మాట్లాడి ఇల్లు తాకట్టు పెట్టాడు. లక్ష్మి గారు కూడా 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడిన క్రీడాకారిణే. ఆ ఇంట్లో ఈ నిర్ణయం బరువు ఏమిటో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. తర్వాత పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ అయిదు కోట్ల రూపాయలు ఇచ్చారు. భారత్‌కు ఒలింపిక్ పతకం రావాలి, అదొక్కటే ఆయన కోరిక. 2008లో అకాడమీ తలుపులు తెరుచుకున్నాయి. నాలుగేళ్లు గడిచేసరికి లండన్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యురాలు సైనా నెహ్వాల్ మెడలో కాంస్యం పడింది.

అకాడమీ భవనం లేవకముందే పని మొదలైంది. గచ్చిబౌలి స్టేడియంలో 2004 ప్రాంతంలో చేరిన చిన్న పిల్లల గుంపులో కశ్యప్, గురుసాయిదత్, సింధు లాంటి వాళ్లున్నారు. అప్పుడు వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. పొద్దున నాలుగున్నరకు కోర్టులో లైట్లు వెలిగేవి. కోచ్ పని దగ్గరగా చూసినవాళ్లకు తెలుస్తుంది అది ఎంత ఒళ్లు హూనం చేసే పనో. ఎడమ చేతి మీద షటిళ్లు దొంతరగా పేర్చుకుని, కుడి చేత్తో ఒకదాని వెంట ఒకటి నెట్ అవతలికి వేస్తూ ఉండాలి. ముందుకొకటి, వెనక మూలకొకటి, ఒంటి మీదికొకటి. అవతల పిల్ల పరుగులు పెడుతుంది, ఇవతల శిక్షకుడి కళ్లు ఆ పిల్ల పాదాల మీద ఉంటాయి. కాలు ఒక అంగుళం ఆలస్యంగా పడితే ఆపి మళ్లీ వేయాలి. ఒకరికి అరగంట వేస్తే మరొకరు సిద్ధంగా ఉంటారు. మధ్యాహ్నం మరో జట్టు, సాయంత్రం మరో జట్టు. ఆపరేషన్ల మోకాలు ఉన్న మనిషి ఈ పనిని ఏళ్ల తరబడి చేశాడు. 2006లో జాతీయ కోచ్ బాధ్యత కూడా మీద పడింది. ఆ ఏడాదే ఆట లెక్కలు మారి ప్రతి ర్యాలీకీ పాయింటు, గేముకు ఇరవై ఒకటి వచ్చాయి. తాను పాత పద్ధతిలో నేర్చుకున్న ఆటను పక్కన పెట్టి, వేగం పెరిగిన కొత్త ఆటను పిల్లలతో కలిసి తానూ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

సింధు చిన్నప్పుడు మారేడుపల్లి నుంచి రోజూ యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చేది. అమ్మానాన్న ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, పిల్ల మాత్రం నెమ్మదస్తురాలు. ఎత్తు ఉంది, దెబ్బ ఉంది, గొంతు లేదు. పాయింటు గెలిచినా నోరు తెరిచేది కాదు. ఒక రోజు గోపీచంద్ ఆమెను కోర్టు మధ్యలో నిలబెట్టి, తోటి ఆటగాళ్లందరూ చూస్తుండగా గట్టిగా అరవమన్నాడు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నాడు. ఆ పిల్లకు ఏడుపొచ్చింది కానీ అరుపు రాలేదు. ఆ రోజు గడిచింది, తర్వాత మెల్లమెల్లగా గొంతు వచ్చింది. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో సెమీస్ గెలిచినప్పుడు ప్రపంచమంతా విన్న కేక వెనక ఈ ముచ్చట ఉంది. కొందరికి ఇది కాఠిన్యం అనిపించవచ్చు. నాకు మాత్రం ఇందులో పిల్ల స్వభావాన్ని ఆమెకంటే ముందే చదివిన ఉపాధ్యాయుడు కనిపిస్తాడు.

రియోకు ముందు మూడు నెలలు సింధు ఫోను ఆయన దగ్గరే ఉంది. ఆమెకిష్టమైన ఐస్‌క్రీమ్, తీపి పెరుగు బంద్. ఫైనల్లో కరోలినా మారిన్‌తో తొలి గేము 21-19తో గెలిచి, తర్వాతి రెండూ పోగొట్టుకుని రజతంతో తిరిగొచ్చాక ఆయన చెప్పిన మొదటి మాటల్లో ఒకటి, ఇక ఫోను తీసుకోవచ్చు, ఐస్‌క్రీమ్ తినవచ్చు అని. ఓటమి గురించి, టెక్నిక్ గురించి మాట్లాడే సమయం కాదని ఎరిగిన మనిషి. మూడేళ్ల తర్వాత బాసెల్‌లో సింధు ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది.

మన గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ సంగతి మరీ ముచ్చట. అన్న నందగోపాల్ వెనకే అకాడమీకి వచ్చాడు. వచ్చిన కొత్తల్లో డబుల్స్ ఆటగాడు. ఆ చేతి వాటం, ఆ నెట్ ఆట చూసి గోపీచంద్ అతన్ని సింగిల్స్‌కు మార్చాడు. అలా మార్చకపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు, మార్చాక ఏమైందో అందరికీ తెలుసు. 2014లో చైనా ఓపెన్ ఫైనల్లో, చైనా గడ్డ మీద లిన్ డాన్‌ను 21-19, 21-17తో ఓడించాడు. ఆ రోజు నవంబరు 16, గురువు పుట్టినరోజు. 2017లో ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్. 2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ మన చేతికి వచ్చిన మ్యాచ్ ఆడింది కూడా ఇతనే. 2017లో సింగపూర్ ఓపెన్ ఫైనల్లో శ్రీకాంత్‌కు ఎదురు నిలిచి గెలిచిన సాయి ప్రణీత్‌దీ ఇదే అకాడమీ. సూపర్ సిరీస్ పురుషుల ఫైనల్లో ఇద్దరు భారతీయులు ఆడటం అదే మొదటిసారి, ఇద్దరూ తెలుగువాళ్లే.

శిష్యులతో అన్నీ సాఫీగా సాగలేదు. 2014లో సైనా బెంగళూరు వెళ్లి విమల్ కుమార్ దగ్గర సాధన చేసింది, అక్కడి నుంచే ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో తిరిగి వచ్చింది. తలుపు తెరిచే ఉంది. శిష్యురాలు వెళ్లినప్పుడు మౌనంగా ఉండటం, వచ్చినప్పుడు మళ్లీ పొద్దున నాలుగున్నరకు షటిళ్లు వేయడం. దీన్ని నేను పతకాలకంటే తక్కువగా చూడను.

నన్ను అన్నిటికంటే కదిలించింది 2021. టోక్యో ఒలింపిక్స్‌కు కోచ్‌ల సంఖ్య మీద పరిమితి పెట్టారు. చీఫ్ కోచ్‌గా గోపీచంద్ వెళ్లవచ్చు. ఆయన తప్పుకొని, సాయి ప్రణీత్‌తో రోజూ పనిచేస్తున్న ఇండోనేసియా కోచ్ ఆగస్ ద్వి సాంతోసోకు ఆ చోటు ఇచ్చాడు. రెండు ఒలింపిక్స్‌లో పతకాలు చూసిన మనిషి, మూడోసారి ఇంట్లో కూర్చున్నాడు. ఆటగాడికి ఆ క్షణంలో ఎవరు పక్కన కావాలి అన్నదే ఆయన లెక్క, ఫొటోలో ఎవరుండాలి అన్నది ఎప్పుడూ ఆయన లెక్కలో లేదు.

సహాయ కోచ్‌ల విలువ తెలిసినవాడు కనుకనే ఆ పని చేయగలిగాడు. మన చీరాల మగ్గం మీంచి పట్టుచీర దిగిందంటే దాని వెనక ఆసు పోసిన చేతులు, కండెలు చుట్టిన చేతులు ఇంటిల్లిపాదివీ ఉంటాయి, చీర కట్టుకున్నవాళ్లకు అవి కనపడవు. కోర్టులో సహాయ కోచ్ పని అలాంటిదే. అకాడమీలో పెరిగిన గురుసాయిదత్ కథ చూడండి. 2014 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచాడు, ఆట ముగించాక అదే కోర్టులో కోచ్ అయ్యాడు. ఇదే అకాడమీ ఆటగాడు ప్రణయ్ 2023లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం గెలిచే దారిలో, కోపెన్‌హాగెన్‌లో అక్కడివాడైన అక్సెల్‌సెన్‌నే ఓడించినప్పుడు, ఆ గెలుపు వెనక గురువు గోపీచంద్‌తో పాటు గురుసాయిదత్ పనీ ఉంది. అదే 2014 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన కశ్యప్ కూడా కోచింగ్‌లోకి వచ్చాడు. సాయి ప్రణీత్ 2024లో ఆటకు వీడ్కోలు చెప్పి అమెరికాలో హెడ్ కోచ్‌గా చేరాడు. ఆడినవాడు నేర్పేవాడుగా మారడం ఈ అకాడమీలో మామూలు సంగతి అయిపోయింది. మెడల్స్ పట్టికలో కనపడని ఈ మార్పే ఆయన అసలు సంపాదన అంటాను.

ఇన్ని చూసిన గోపీచంద్ 2025లో ఒక చేదు నిజం చెప్పారు. డబ్బున్న ఇంట్లో పుట్టకపోతే ఆటనే జీవితంగా ఎంచుకోమని సలహా ఇవ్వలేను అన్నారు. చాలామంది నొచ్చుకున్నారు. నేను ఆ మాటను ఆయన బాధగా విన్నాను. జాతీయ స్థాయిలో ఆడి, గెలవలేక ఆగిపోయిన వందల మందిని ఆయన కళ్లారా చూశారు. వాళ్లకు ముప్పై ఏళ్లకు చేతిలో డిగ్రీ ఉండదు, ఉద్యోగం ఉండదు. అదే అమెరికాలో అయితే, కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడిన అమ్మాయి చదువు ముగియగానే ఏదో ఒక కాలేజీ జట్టుకు సహాయ కోచ్‌గా జీతం మీద చేరడం అక్కడ బాగా నలిగిన దారి. ఆటగాళ్లుగా పేరు రానివాళ్లు కూడా ఆ దారిలో పెద్ద కోచ్‌లు అవుతారు. మనకు పాటియాలాలో 1961 నుంచి జాతీయ క్రీడా శిక్షణ సంస్థ ఉంది, అక్కడ కోచింగ్ డిప్లొమా చేసినవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. వాళ్లను పిలిచి కోర్టు అప్పగించే చోట్లు కావాలి.

ఒకప్పుడు మన ఊళ్లలో బ్యాడ్మింటన్ అంటే బాల్ బ్యాడ్మింటనే. పసుపు రంగు ఉన్ని బంతి, ఆరుబయట గీసుకున్న కోర్టు, సాయంత్రం గాలి ఆగేదాకా ఎదురుచూపు. ఆ ఆట ఆడించింది, గీతలు గీయించింది, పిల్లలను లారీల్లో, రైళ్లలో పోటీలకు తీసుకెళ్లింది స్కూలు డ్రిల్లు మాస్టార్లే. వాళ్లకు ద్రోణాచార్య అవార్డులు రాలేదు. గోపీచంద్‌ను సన్మానించే వేదిక మీద వాళ్లకూ ఒక కుర్చీ వేయాలి.

గోపీచంద్ గారూ, మీకు పద్మభూషణ్ ఉంది, ప్రపంచమంతా మీ పేరు తెలుసు. మీ అమ్మాయి గాయత్రి ఆల్ ఇంగ్లండ్ మహిళల డబుల్స్ సెమీస్ దాకా వెళ్లడం చూసి ఇక్కడ మేమంతా పొంగిపోయాం. నాగండ్ల గడ్డ మీద పుట్టినందుకు, గెలిచాక ఆగిపోనందుకు, మా పిల్లలకు కోచ్ అన్న పదవి మీద గౌరవం కలిగించినందుకు ఈ రజతోత్సవాన మీకు మా నమస్కారాలు. నిండు నూరేళ్లు ఆ కోర్టు పక్కనే ఉండండి.

ఇక చీరాల, బాపట్ల, పర్చూరు, ఇంకొల్లు పెద్దలకు, కాలేజీ యాజమాన్యాలకు ఒక మనవి. నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున ఏ ఆటైనా ఆడి వచ్చి, ఇప్పుడు ఏదో దుకాణంలో, ఏదో ఆఫీసులో పనిచేస్తున్న అబ్బాయి, అమ్మాయి మీ ఊళ్లో ఒకరైనా ఉంటారు. ఈ పాతికేళ్ల పండుగకు శాలువా, జ్ఞాపిక కొనే డబ్బుతో మొదలుపెట్టి, వాళ్లలో ఒకరిని వచ్చే జూన్‌లో కాలేజీలు తెరిచేనాటికి నెల జీతం మీద సహాయ కోచ్‌గా పెట్టుకోండి.